దీర్ఘం లేని జామియా

ఒమన్‌లోని ఇబ్రా అనే ఊరి బజారులో మా ఆయన ఖాదర్‌కు దర్జీ కొట్టు ఉండేది. కొట్టు వెనక మట్టి గోడల ఇల్లు, ఇంటిముందు ఉమ్మడి వాకిలి, వాకిలికి అవతల ఒక గది. డెబ్భై మూడులో ఆ గదిలోకి ఒక అరవాయన దిగాడు. ఆయనకన్నా ముందు నా కళ్లు ఆయన పెట్టె మీద పడ్డాయి. మూత తీస్తే చొక్కాల మధ్య గాజు గొట్టాలు, బుడ్లు, సీసాలు. ఒక్కొక్కటీ పంచెగుడ్డలో చుట్టి ఉంది. పసిబిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు వాటిని గూట్లో పెడుతున్నాడు. చూస్తూ ఊరుకోవడం నావల్ల అవుతుందా?

"ఏం నాయనా, అత్తరు వ్యాపారమా?" అన్నాను.

"కాదమ్మా, కెమిస్ట్రీ" అన్నాడు, తెలుగులోనే. తిరుపతిలో కొన్నాళ్లు ఉద్యోగం చేశాడట. తెలుగు వచ్చు గానీ, మాట చివర అరవం సాగేది.

"అంటే మందుల కొట్టు పెడతాండావా?"

"అదీ కాదు. నేను రోడ్ల కంపెనీలో పని చేస్తాను. నీళ్లలో ఉప్పెంత, ఇసుకలో మట్టెంత అని చూసే పని."

"ఆ మాత్రానికి ఇన్ని సీసాలెందుకు? నాలిక మీద వేసుకుంటే తెలీదా?"

"నా నాలుకకు సర్టిఫికెట్ లేదమ్మా" అని నవ్వాడు.

పేరు శివజ్ఞానం. ఊరు శివగంగ దగ్గర. భార్య తైయల్‌నాయకి, పిల్లలు లేరు, తండ్రి బతికే ఉన్నాడు. ఇదంతా రాబట్టడానికి నాకు రెండు గిన్నెల పులుసు ఖర్చయింది. మిగతాది తనే చెప్పాడు. వాళ్ల ఊరి కాలేజీలో తండ్రి అటెండరు. పగలంతా ప్రిన్సిపాలు గది ముందు స్టూలు మీద కూర్చోవడం, సాయంత్రం కెమిస్ట్రీ గదిలో గొట్టాలు కడగడం ఆయన పని. ఆ గొట్టాల మధ్య పెరిగిన కొడుకు అదే కాలేజీలో కెమిస్ట్రీ చదివి, తిరుపతి తర్వాత అక్కడే పాఠాలు చెప్పి, ఆ శాఖకు పెద్దయ్యాడు. ప్రిన్సిపాలు కుర్చీ ఒక్కటే మిగిలింది. ఉన్న ప్రిన్సిపాలు దిగిపోయేదాకా సెలవు పెట్టి ఒమన్ వచ్చాడు. తిరిగి పోతే కుర్చీ తనదే.

"మా నాయన నన్నింక వేరే ఏదీ అడగడమ్మా. ఆ గదిలో ఎప్పుడు కూర్చుంటావురా అంటాడు, అంతే."

ఆ మాటన్నప్పుడు ఆయన ముఖంలో గర్వం కంటే భయమే ఎక్కువ కనిపించేది నాకు.

రెండేళ్లకు, సెలవు అయిపోవస్తున్న రోజుల్లో, ఒక శుక్రవారం పొద్దున, శివజ్ఞానం సారు వాకిట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే ఖమరుద్దీన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఖమరుద్దీన్‌ది హైదరాబాదు. ఊరికి పెద్దైన షేక్ గారి సరుకుల కొట్లో గుమాస్తా. వచ్చిన కొద్ది నెలలకే అరబ్బీ అంతా తనకు వచ్చేసిందని చెప్పుకునేవాడు. బజారులో మాకెవరికీ అంత కూడా రాదు కాబట్టి నమ్మేవాళ్లం.

"సాబ్! మీ తఖ్దీర్ తెరుచుకుంది! షేక్ సాబ్ ఇబ్రాల జామియా పెడుతుండు. దానికి కెమిస్ట్రీ చదివిన ముదీర్ కావాల్నట. మిమ్మల్నే అడగమన్నడు!"

"ముదీర్ అంటే?"

"అందరి మీద పెద్ద."

"జామియా అంటే?"

ఖమరుద్దీన్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "జామియా తెల్వదా సాబ్? మా హైదరాబాద్ల జామియా ఉస్మానియా లేదా? యూనివర్సిటీ!"

సారు సగం ముఖానికి సబ్బు నురుగుతో అట్లాగే నిలబడిపోయాడు. నురుగు ఆరి చెంప మీద పెచ్చులు కట్టేదాకా కత్తి ఎత్తలేదు.

ఇది చదివేవాళ్లు, అంత చిన్న ఊళ్లో యూనివర్సిటీ ఏమిటి, అంతమందీ ఎట్లా నమ్మారు అనుకోవచ్చు. ఆ రోజుల ఒమన్ చూసినవాళ్లు అట్లా అనరు. నిన్న గాడిదలు నడిచిన దారిలో ఇవాళ రోడ్డు రోలరు నడిచేది. గుడారం వేసి అందులో బడి పెట్టేవాళ్లు, ఏడాది తిరిగేసరికి గుడారం పోయి మేడ లేచేది. ఆస్పత్రి వచ్చింది, కరెంటు వస్తోందన్నారు. ఆ వరసలో యూనివర్సిటీ కూడా వస్తుందంటే ఎవరు కాదంటారు?

సారును షేక్ గారి మజ్లిసుకు, అంటే ఆయన వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే చావడికి, తీసుకుపోయింది ఖమరుద్దీనే. వచ్చాక ఇద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టి, ఏం మాట్లాడుకున్నారో మాట పొల్లుపోకుండా చెప్పించుకున్నాను.

"నిప్పు సంగతి, నీళ్ల సంగతి నీకు బాగా తెలుసా అని అడిగాడమ్మా షేక్ గారు" అన్నాడు సారు. "కెమిస్ట్రీ అంటేనే అది కదా అన్నాను. చాలా సంతోషించాడు."

"ఇంకా?"

"ఎంతమందిని అదుపులో పెట్టగలవు అన్నాడు. మూడు వందలమందికి ఒకేసారి పాఠం చెప్పినవాణ్ణి అన్నాను. అంతమంది వద్దు, మొదట నలభై మంది చాలు అన్నాడు."

"ఫస్ట్ బ్యాచ్, ఖాలా!" అన్నాడు ఖమరుద్దీన్. ఖాలా అంటే పిన్ని, బజారులో అందరూ నన్ను అట్లాగే పిలిచేవాళ్లు.

"మరి మీ ఊళ్లో కుర్చీ? మీ నాయన అడుగుతాండే గది?" అన్నాను.

సారు తన చేతుల వంక చూసుకున్నాడు. "ప్రిన్సిపాలు కాలేజీకే పెద్దమ్మా. ఇది యూనివర్సిటీ. ఆ గదిలో కూర్చునే మనిషి కూడా యూనివర్సిటీ పెద్దను చూస్తే లేచి నిలబడాలి. మా నాయన ఎదురుగా లేచి నిలబడాలి."

కాలేజీకి రాజీనామా తంతి పంపించాడు. రోడ్ల కంపెనీ పని కూడా మానేశాడు. ఇంటికి ఇంకో తంతి వెళ్లింది.

ఊరి చివర ఖర్జూరం తోటల పక్కన గోడలు లేస్తున్నాయి. కడుతున్నది మన తెలంగాణా వాళ్లే. పోచన్నది జగిత్యాల వైపు, లచ్చన్న అతని తమ్ముడి వరస. ఎండ తగ్గాక సారు రోజూ అక్కడికి పోయేవాడు. ఒకసారి వాళ్లకు రొట్టెలు ఇచ్చే నెపం పెట్టుకుని నేనూ వెంట పోయాను.

పొడవాటి షెడ్డు. రెండు వరసల్లో మట్టితో, రాయితో కట్టిన గూళ్లు. ఒక్కొక్క గూటి మీద పొగగొట్టం.

"సారూ, గిదేం యూనివర్సిటీ?" అన్నాడు పోచన్న, తాపీ విదిలిస్తూ. "కిటికీలు వద్దంటున్నరు. గీ గూళ్లేమో పొయ్యిల లెక్క కట్టుమంటున్నరు."

సారు ముఖం వెలిగిపోయింది. "పోచన్నా, ఇది లేబరేటరీ. ఘాటు పొగలు లోపల నిలవకుండా పైకి పోవాలి, అందుకే ఆ గొట్టాలు. చూశావామ్మా? అందరూ ముందు ఆఫీసు కడతారు. వీళ్లు ముందు లేబరేటరీ కడుతున్నారు. చదువంటే ఏమిటో తెలిసినవాళ్లు!"

"మరి మాకొక సీటు ఇయ్యరాదు సారూ?" అన్నాడు లచ్చన్న. "నాలుగు వరకు సదివిన."

"నీకు మెరిట్ లేదు పోరా" అన్నాడు పోచన్న. "సిమెంటు కలుపుడే రాదు నీకు."

సారు మాత్రం నవ్వలేదు. గూట్లో చెయ్యి పెట్టి పొగ ఎట్లా పోతుందో చూస్తున్నాడు. మసి అంటని ఆ కొత్త మట్టిని అరచేత్తో తడుముతున్నాడు.

డెబ్భై ఆరు ఎండాకాలంలో, ఖర్జూరం కాయలు పసుపుబారే వేళ, ప్రారంభం పెట్టారు. సారు కోటు వేసుకున్నాడు. ఆ ఎండలో కోటేంది నాయనా అంటే వినలేదు. మా ఆయనే దాని భుజాలు సరిచేసి ఇచ్చాడు. షేక్ గారు, ఊరి పెద్దలు, కహ్వా కాఫీ పోసేవాళ్లు, తోటల నుంచి వచ్చిన ఆడా మగా అందరితో షెడ్డు నిండిపోయింది.

అప్పుడు లారీ వచ్చింది. అందులోంచి రాగి కాగులు దించారు. ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోగలిగేంత పెద్దవి. నలుగురు పట్టుకుంటే గానీ కదలలేదు. ఒక్కొక్క గూటి మీద ఒక్కొక్కటి పెట్టారు. సరిగ్గా అమరాయి.

"హాస్టల్ వంటకై ఉంటయ్" అన్నాడు ఖమరుద్దీన్, కానీ గొంతులో మునుపటి ఊపు లేదు.

ఆ వెనకే పికప్పులు, గాడిదలు, గంపలు. గంపల నిండా పసుపుపచ్చని కాయల గెలలు. షేక్ గారు మనిషెత్తు కర్ర గంటె ఒకటి తెప్పించి, నవ్వుతూ, అందరి ముందూ, రెండు చేతులతో సారు చేతికి ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు.

సారు ఆ గంటెను పట్టుకుని ఖమరుద్దీన్ వైపు తిరిగాడు.  ఖమరుద్దీన్ పోయి షేక్ గారి మనిషితో చెవిలో మాట్లాడి, మళ్లీ అడిగి, ఇంకొకసారి అడిగి తిరిగొచ్చాడు. నేను మధ్యలోకి పోయి నిలబడ్డాను.

"సాబ్... జామియా కాదంట" అన్నాడు. "జమియ్యా అంట."

"అదీ అదే కదా!" అన్నాను నేను.

"కాదు ఖాలా. జామియా అంటే యూనివర్సిటీ. జమియ్యా అంటే సంఘం. ఖర్జూరం రైతుల సంఘం. కాయలు ఉడకబెట్టి, ఎండబెట్టి, హిందుస్తాన్‌కు పంపుతరు. పోయినసారి సరుకు పులిసి వెనక్కి వచ్చిందట, అందుకే కెమిస్ట్రీ మనిషి కావాలన్నరు." అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మాఫ్ కరో సాబ్. నాకట్లనే వినబడ్డది."

మా మూడో తరగతి పంతులు దీర్ఘం తప్పితే చెవి మెలిపెట్టేవాడు. అది పలక మీది తప్పు, చెరిపేస్తే పోయేది. ఈ దీర్ఘం ఒక మనిషి చేతిలో గంటె పెట్టింది.

సారు షేక్ గారికి తల వంచి "షుక్రాన్" అన్నాడు. కోటు విప్పి గోడ మేకుకు తగిలించాడు. మొదటి కాగు కింద మంట వెయ్యమన్నాడు.

రోడ్ల కంపెనీలో ఆయన చోట అప్పటికే ఎవరో మలయాళీ చేరిపోయాడు. ఊరి కాలేజీలో కుర్చీ ఆయన కింద పనిచేసిన జూనియర్‌కు ఇచ్చేశారు. ఆ కబురు చెప్పినప్పుడు సారు పెద్దగా కదల్లేదు. కదిలించింది ఇంకొకటి. తంతి అందిన నాడే తండ్రి వీధంతా తిరిగి చెప్పేశాడట. అరబ్ దేశంలో యూనివర్సిటీకి మనవాడు వైస్ చాన్సలర్ అని కాలేజీలో సభ పెట్టారట. దండ వెయ్యడానికి సారు లేడు కాబట్టి తండ్రికే వేశారట.

"రాసెయ్యి నాయనా" అన్నాను. "పొరపాటైంది, మాట తప్పు విన్నాం అని రాసెయ్యి. దాంట్లో నీ తప్పేముంది?"

"ప్రతి శుక్రవారమూ కూర్చుంటున్నానమ్మా రాద్దామని."

"మరి?"

"మా నాయన జీవితమంతా ఆ గది బయటే కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన్ని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చారు. వైస్ చాన్సలర్ తండ్రి అని. తాగేశాడమ్మా ఆ కాఫీ. ఇప్పుడు దాన్నెట్లా కక్కించమంటావు?"

నేను పులుసు గిన్నె ఆయన ముందుకు జరిపాను. 

సంఘం పని ఆయన బాగానే చేశాడు. కాయ పులవలేదు, సరుకు వెనక్కి రాలేదు, షేక్ గారు ఆయన వస్తే లేచి నిలబడేవాడు. కానీ బజారులో పిల్లా పెద్దా ఆయన్ని 'జామియా సారు' అనే పిలిచేవాళ్లు. కొందరు ఎగతాళికి, కొందరు ప్రేమకు. పిలిచినప్పుడల్లా ఆయన ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగేవాడు. గూట్లో గాజు గొట్టాల మీద దుమ్ము పేరుకుంది. నేను తుడవబోతే వద్దన్నాడు.

ఆ మధ్యే సారు బావమరిది కదిర్వేలు కూడా ఒమన్ వచ్చాడు. తైయల్‌నాయకి తమ్ముడు, మస్కట్‌లో ఒక కంపెనీలో టైపిస్టుగా చేరాడు. మరుసటి ఎండాకాలం, అక్కను చూడడానికి ఊరికి పోతూ, బావగారి యూనివర్సిటీ చూసి పోతానని కబురు పెట్టాడు.

కబురు వినగానే నేను పోచన్నను పిలిపించాను.

"సారూ, ఆ రోజు సెలవని చెప్పుదాం" అన్నాడు పోచన్న. "గేటుకు తాళం ఏసి, ఓ బోర్డు పెడ్తం. లచ్చన్నకు రాత మంచిగొస్తది."

"ఏమని రాస్తావురా?" అన్నాను.

"యూనివర్సిటీ బంద్ అని" అన్నాడు లచ్చన్న.

సారు మొదటిసారి ఆ విషయం మీద నవ్వాడు. "వద్దు. రానీ. కళ్లతో చూడనీ. వాడే పోయి చెప్తాడు. నా నోటితో కానిది వాడి నోటితో అవుతుంది. నాలుగు రోజులు ఊరు నవ్వుతుంది. తర్వాత నేను పోయి ఏ బడిలోనో పాఠం చెప్పుకుంటాను. నాకు అది చాలమ్మా."

ఆ సాయంత్రం గాజు గొట్టాలను తనే తుడిచి, పంచెగుడ్డల్లో చుట్టి, పెట్టెలో సర్దుకున్నాడు. నాలుగేళ్లుగా చూస్తున్న ఆ మనిషి ముఖం అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. మా కడప సంగతి, పుట్టింటి సంగతి నన్నే ఎదురు ప్రశ్నలు వేశాడు.

కదిర్వేలు వచ్చాడు. షెడ్డంతా పొగ. కాగుల్లో కాయలు కుతకుతలాడుతున్నాయి. తలకు తువ్వాలు చుట్టుకుని, మసి పూసుకుని, గంటెతో నిలబడి ఉన్నాడు సారు. పిల్లవాడు గడప దగ్గరే ఆగిపోయాడు. సారు దాచలేదు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఒక్కొక్క పొయ్యీ చూపించాడు, నలభై మంది పనివాళ్లను చూపించాడు, మైదానంలో ఎండబోసిన కాయలు చూపించాడు.

మా ఇంట్లోనే అన్నం తిన్నారు. వాళ్ల అరవం నాకు సగమే అర్థమవుతుంది, అయినా ఆ ఒక్క మాట పూర్తిగా అర్థమైంది.

"చూసింది చూసినట్టు చెప్పు" అన్నాడు సారు. "ఒక్కటీ దాచొద్దు."

"సరే అత్తాన్" అన్నాడు కదిర్వేలు. అత్తాన్ అంటే బావ. కంచంలోంచి తల ఎత్తలేదు. పోయేటప్పుడు సారు ఒక సంచీ నిండా ఎండు ఖర్జూరం ఇచ్చి పంపాడు.

తర్వాత సారు ఎదురుచూశాడు. ఊరి నుంచి ఏమీ రాలేదు. కోపంగా ఉన్నారులే, చల్లారనీ అనేవాడు. పెట్టె విప్పలేదు. ఏ రోజైనా పోవచ్చన్నట్టు మంచం పక్కనే ఉంచుకున్నాడు.

కదిర్వేలు ఊరినుంచి తిరిగి వచ్చి, నేరుగా మా వాకిట్లోకి దిగాడు. చేతిలో మురుకుల డబ్బా, ముఖం నిండా వెలుగు. సారు కొట్టు ముందున్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను అత్తాన్. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు" అన్నాడు కదిర్వేలు. "ఎంత పెద్ద షెడ్డో చెప్పాను. పైన వరసగా పొగగొట్టాలని చెప్పాను. కింద నలభై మంది పనిచేస్తారని చెప్పాను. మీరు వస్తే షేక్ లేచి నిలబడతాడని చెప్పాను. అంతా నిజమే కదా?"

"దేని షెడ్డో చెప్పావా?"

కదిర్వేలు నా వైపు చూశాడు, నేను అన్నం పెట్టిన మనిషిని కాబట్టి సాయం వస్తాననుకున్నాడేమో. "అక్క నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది అత్తాన్. మామ, మీ నాయన, అందరినీ పిలిచి పెట్టాడు. ఏమని చెప్పను? లేబరేటరీయా అని వాళ్లే అడిగారు. నేను తల ఊపాను."

సారు బెంచీ మీంచి లేచాడు.

"ఆ ఖర్జూరాలు మామ వీధంతా పంచాడు, మా వాడి లేబరేటరీలో తయారైనవని. కాలేజీ వాళ్లకూ ఇచ్చాడు. వాళ్లు కొత్తగా సైన్సు బిల్డింగు కడుతున్నారు. మీరు సెలవు మీద వస్తే మీ చేతులతో తెరిపిస్తారట. వచ్చేదాకా ఆపి ఉంచుతామన్నారు." అతని గొంతులో గర్వమే ఉంది. బావను కాపాడానని ఆ పిల్లవాడు నిజంగా నమ్ముతున్నాడు. "ఎప్పుడు వస్తారో చెప్పమన్నారు అత్తాన్."

"చెప్తాను" అన్నాడు సారు. మురుకుల డబ్బా తీసుకుని నా చేతికి ఇచ్చాడు. "పోచన్నా వాళ్లకు పంచమ్మా."

ఆ తర్వాత నేను గదిలోకి తొంగి చూస్తే పెట్టె మంచం పక్కన లేదు. అటక మీదికి పోయింది. లోపల చుట్టిన గొట్టాలు చుట్టినట్టే ఉన్నాయి. వాటిని గూట్లో మళ్లీ పెట్టలేదు.

మరుసటి ఏడు కాయలు ముందే పసుపుబారాయి. పోచన్న ఇంటికి పోతున్నాడు, కొడుకు పెళ్లి. మొక్కు తీర్చుకున్నంత సంబరంగా షెడ్డుకు వచ్చి అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాడు. నేను పెళ్లికూతురికి మా ఆయన కుట్టిన రవిక తీసుకుపోయాను.

"మేం పోతున్నం సారూ" అన్నాడు పోచన్న. "మరి మీరెప్పుడు పోతరు ఊరికి?"

"యూనివర్సిటీకి సెలవుల్లేవు పోచన్నా" అన్నాడు సారు.

లచ్చన్న నవ్వబోయి, అన్న ముఖం చూసి ఆగాడు. సారు గంటె ముంచి కాగులోంచి ఒక కాయ తీశాడు. ఊది చల్లార్చుకున్నాడు. నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, కొరికి చూశాడు.

"ఇంకా ఉడకాలి" అన్నాడు. "మంట పెంచండి."